ఆమె పోయాకే నేను మనిషినయ్యానా?

ప్రశ్న: అమ్మాయీ, నా వయసు 73. మంచినీళ్ల శాఖలో చేరి, జలమండలిలో రిటైరయ్యాను. హైదరాబాద్ బాగ్‌లింగంపల్లిలో ఉంటాను. నా భార్య కిడ్నీ జబ్బుతో పోయి పదహారు నెలలైంది. చివరి రెండేళ్లు వారానికి మూడుసార్లు డయాలసిస్. కొడుకు డల్లాస్‌లో, కూతురు పుణెలో. పెళ్లయిన నలభై ఏళ్లలో నేను స్టవ్ వెలిగించిన గుర్తు లేదు. ఆమె మంచం పట్టాక వంట నేర్చుకున్నాను. ఉప్పు తగ్గించి, కూరగాయ ముక్కలు నానబెట్టి ఆ నీళ్లు పారబోసి, ఆమె తినగలిగినట్లు వండేవాణ్ణి. ఎలా చేయాలో మంచం మీద నుంచే చెప్పేది. ఇప్పుడు నా ఒక్కడికే వండుకుంటున్నాను. పొద్దున సుందరయ్య పార్కులో నడుస్తాను. సాయంత్రాలు మా వాచ్‌మన్ కూతురికి పదో తరగతి లెక్కలు చెబుతున్నాను. మొన్న ఆ పిల్ల నా లెక్కలోనే తప్పు పట్టుకుంది. ఇద్దరం పగలబడి నవ్వాం. ఆ నవ్వు మధ్యలో గోడ మీద ఆమె ఫొటో కనబడి చల్లబడిపోయాను. నా పిల్లల పక్కన నేనెప్పుడూ ఇలా కూర్చోలేదు. నేను మనిషిని కావడానికి ఆమె పోవాల్సి వచ్చిందా? సంవత్సరికానికి వచ్చిన మా మరదలు "బావగారు బాగానే కోలుకున్నారు" అంది. ఆ మాట ముల్లులా ఉండిపోయింది. పార్కులో స్నేహితులు "ఏది జరిగినా మన మంచికే" అంటారు. అబ్బాయి ఫోనులో "పాజిటివ్‌గా ఉండండి నాన్నా" అంటాడు. కొన్ని రోజులు మాత్రం మంచం దిగబుద్ధి కాదు. ఇందులో అసలు నేనెవరిని? మా పై అంతస్తులో నా ఈడువాడే ఒకాయన ఉన్నాడు. ఏడాది కిందట కొడుకు ప్రమాదంలో పోయాడు. ఎవరు వెళ్లినా తలుపు తీయడు. నా సంగతి చెప్పి ధైర్యం చెప్పమంటావా? చివరిగా ఒకటి. వచ్చే నెల అమ్మాయి వచ్చి తల్లి చీరల బీరువా ఖాళీ చేస్తానంటోంది. చేయనివ్వాలా?

– ఒక పాఠకుడు, బాగ్‌లింగంపల్లి

సమాధానం: బాబాయిగారూ, మీరు అమ్మాయీ అని పిలిచారు కాబట్టి ఈ వరస కలుపుకుంటున్నాను.

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటి రెండుసార్లు నాకూ కనబడనిది మూడోసారి కనబడింది. "ఆమె మంచం పట్టాక వంట నేర్చుకున్నాను" అని రాశారు. "ఆమె పోయాక" అని రాయలేదు. కిడ్నీలు పనిచేయని మనిషికి పొటాషియం ఎక్కువైతే గుండెకు ప్రమాదం కాబట్టి, ముక్కలు తరిగి నీళ్లలో నానబెట్టి పారబోయడం నేర్చుకున్నారు. చారులో ఉప్పు ఎంత తగ్గిస్తే ఆమె ముద్ద మింగగలరో నేర్చుకున్నారు. అప్పటికి ఆమె బతికే ఉన్నారు. పోపు మాడిన వాసన మంచం దాకా వెళ్లినప్పుడు లోపలి నుంచి వినబడిన గొంతు ఆమెదే కదా! మీరు మారడం కళ్లారా చూసింది ఆమె. దగ్గరుండి నేర్పిందీ ఆమె. ఆ చేతివంట తిన్నదీ ఆమె. అందుకని "నేను మనిషిని కావడానికి ఆమె పోవాల్సి వచ్చిందా" అన్న మీ లెక్క మొదటి మెట్టులోనే తప్పింది. మీ శిష్యురాలికి చూపిస్తే ఇదీ పట్టుకునేది.

అయితే మీ బాధలో రెండో భాగం ఉంది. దాన్ని నేను చెరిపేయను. నలభై ఏళ్లు ఆ వంటింటి గడప అవతలే ఉండిపోయానే, పిల్లల పుస్తకాల దగ్గర ఒక్క సాయంత్రమైనా కూర్చోలేదే అన్న బాధ నిజమైనది. దానికి నేను "అప్పటి కాలం అలాంటిది" అని సర్దిచెబితే మీకు ఊరట దొరకదు, ఆమెకు న్యాయమూ జరగదు. ఆ మాట ఎవరితో చెప్పుకోవాలో మాత్రం చెబుతాను. మీ అబ్బాయితో చెప్పండి. డల్లాస్‌లో అతనికీ ఒక వంటిల్లు ఉంది, సాయంత్రాలు ఉన్నాయి. "పాజిటివ్‌గా ఉండండి" అని అతను అంటున్నది భయంతో. ఇంత దూరం నుంచి తండ్రి ఏడుపు వినడం ఏ కొడుకుకూ చేతకాదు. మీరే ముందు నోరు తెరిచి, "మీ అమ్మను నేను చాలా ఆలస్యంగా చూసుకున్నానురా" అంటే, అతనికీ ఇన్నాళ్లుగా అడ్డుపడిన మాటలు బయటికి వస్తాయి.

ఇక మీలో వచ్చిన మార్పు సంగతి. దీన్ని మనస్తత్వశాస్త్రంలో పోస్ట్‌ట్రామాటిక్ గ్రోత్ అంటారు. మనం 'కష్టం తర్వాతి ఎదుగుదల' అనుకుందాం. అమెరికాలో నార్త్ కరోలినా రాష్ట్రం షార్లెట్‌లోని విశ్వవిద్యాలయంలో రిచర్డ్ టెడెస్కీ, లారెన్స్ కాల్హూన్ అనే ఇద్దరు ఆచార్యులు దీని మీద ఏళ్ల తరబడి పనిచేశారు. 1996లో 21 అంశాలతో ఒక కొలమానం తయారుచేశారు. పెద్ద దెబ్బ తిన్నవాళ్లలో కొందరికి తోటి మనుషులతో దగ్గరితనం పెరుగుతుంది. కొందరికి కొత్త దారులు కనబడతాయి. తమలో ఇంత బలం ఉందా అని ఆశ్చర్యపోయేవాళ్లు ఉంటారు. కొందరికి బతుకు మీద విలువ పెరుగుతుంది, మరికొందరికి దైవం మీదో జీవితార్థం మీదో ఆలోచన లోతవుతుంది. మీ ఉత్తరంలో మొదటి మూడూ నాకు స్పష్టంగా కనిపిస్తున్నాయి. మిగిలిన రెండిటి గురించి మీరు రాయలేదు, నేను ఊహించను.

ఆ ఇద్దరూ మొదటి నుంచీ గట్టిగా చెప్పిన మాట ఒకటుంది. ఎదుగుదలను తెచ్చేది దెబ్బ కాదు, దెబ్బ తిన్న మనిషి ఆ తర్వాత పడే పెనుగులాట. ఇది మీకు నాకంటే బాగా అర్థమవుతుంది, ఎందుకంటే మీరు ఈ ఊరికి నీళ్లిచ్చిన ఉద్యోగంలో ఉన్నారు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమందిని మింగింది. ఆ రోజు ఎంతోమంది ప్రాణాలు నిలబెట్టిన చింతచెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న సంగతి మీకు తెలిసే ఉంటుంది. ఆ వరద తర్వాతే విశ్వేశ్వరయ్యగారిని పిలిపించారు. 1920 నాటికి గండిపేట జలాశయం, 1927 నాటికి హిమాయత్‌సాగర్ వచ్చాయి. గండిపేట నీళ్లు తాగినవాళ్లు ఊరు వదలరని మనం గొప్పగా చెప్పుకుంటాం. కానీ ఉద్యోగంలో ఉన్నన్నాళ్లలో ఒక్కరోజైనా, ఎవరైనా, "ఆ వరద రావడం మంచిదైంది, లేకపోతే గండిపేట ఉండేదా" అన్నారా? అనరు. ఊరు మునిగింది కాబట్టి కట్ట కట్టారు. కట్టినవాళ్ల చెమటకు దండం పెడతాం. కొట్టుకుపోయినవాళ్ల కోసం ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. ఈ రెండూ ఒకే గుండెలో ఉండగలవు. ఆ రోజు మీరు నవ్విన నవ్వూ, ఫొటో చూసి చల్లబడటమూ అలాగే పక్కపక్కన ఉన్నాయి.

అందుకే పార్కులో మీ స్నేహితులు అంటున్న "ఏది జరిగినా మన మంచికే" అన్న మాటను మీరు మోయనక్కరలేదు. వాళ్లు మంచి మనసుతోనే అంటున్నారు. కానీ ఆ మాట మీ భార్య చావును మీ ఖాతాలో లాభంగా రాస్తోంది. మీకు చల్లబడినట్లు అయింది అందుకే. మరోసారి అంటే, "మంచికి కాదయ్యా, జరిగింది. జరిగాక నేను చేయగలిగింది చేస్తున్నాను" అని మెల్లగా చెప్పండి. నడక ఆపకండి.

ఇంకో అనుమానం మీకు రావచ్చు: ఇదంతా నన్ను నేను మభ్యపెట్టుకోవడమేమో అని. పరిశోధకులకూ వచ్చింది. 2009లో పేట్రీషియా ఫ్రేజియర్, ఆమె సహచరులు కళాశాల విద్యార్థులను కష్టం రాకముందూ వచ్చాకా కొలిచి చూశారు. "నేను చాలా ఎదిగాను" అని చెప్పుకున్నదానికీ, ముందు వెనుకల కొలతల్లో తేలిన మార్పుకూ పొంతన తక్కువగా కనిపించింది. అందువల్ల ఎదిగానని నోటితో చెప్పేవాళ్లను నేను అంత తేలిగ్గా నమ్మను. మీరు ఎదిగానని ఎక్కడా చెప్పలేదు. మీ స్టవ్ మీద కుక్కర్ ఉంది, మీ బల్ల దగ్గర పదో తరగతి పిల్ల ఉంది. ఆ పిల్ల ఫిబ్రవరి కల్లా త్రికోణమితి దాటేస్తే అంతకు మించిన రుజువు నాకు అక్కరలేదు.

మంచం దిగబుద్ధి కాని రోజుల గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. "అసలు నేనెవరిని" అని అడిగారు. నెదర్లాండ్స్‌లోని యూట్రెక్ట్ విశ్వవిద్యాలయంలో మార్గరెట్ స్ట్రోబ, హెంక్ షుట్ అనే ఇద్దరు పరిశోధకులు ముఖ్యంగా జీవిత భాగస్వామిని పోగొట్టుకున్నవాళ్లను దృష్టిలో పెట్టుకుని 1999లో ఒక సిద్ధాంతం ప్రకటించారు. దుఃఖంలో ఉన్న మనిషి ఒక పూట పోయినవాళ్ల వైపు, ఒక పూట బతుకు వైపు తిరుగుతూ ఉంటాడు. ఇటూ అటూ ఊగడమే ఆరోగ్యం. ఎప్పుడూ ఏడుస్తూ ఉన్నా, ఎప్పుడూ పనిలో మునిగి ఏడుపును దగ్గరికి రానివ్వకపోయినా కష్టమే. నాకైతే ఈ సిద్ధాంతం చదివినప్పుడు మన మాసికాలు గుర్తొచ్చాయి. నెలకోరోజు ఆమె పేరున విస్తరి వేసి, నువ్వులు నీళ్లు వదిలి, ఇల్లంతా ఆమె మాటలే చెప్పుకుని, మర్నాడు మళ్లీ పాలవాడికి లెక్క కట్టడం. ఏడాది పాటు పెద్దలు మనిషిని ఇలా ఊపుతూ తీసుకొచ్చారు. సంవత్సరికంతో ఆ ఏర్పాటు అయిపోతుంది. అప్పటిదాకా క్యాలెండరు మోసిన బరువు ఒక్కసారిగా మనిషి మీద పడుతుంది. మీకు ఇప్పుడు పదహారో నెల. క్యాలెండరులో ఆమె కోసం రోజంటూ లేకపోవడంతో దుఃఖం తనకు తోచిన రోజున వచ్చి కూర్చుంటోంది.

నా సలహా ఏమిటంటే, ఆమెకు మళ్లీ ఒక పూట ఇవ్వండి. ఆదివారం పొద్దున అనుకుందాం. ఒక నోటు పుస్తకం తీసుకుని, ఆమె మంచం మీద నుంచి చెప్పిన వంటలు ఆమె మాటల్లోనే రాయండి. కొలతలు ఆమె చెప్పినట్లే, "చిటికెడు", "గుప్పెడు" అనే రాయండి, గ్రాములు వద్దు. ఎక్కడ కోప్పడ్డారో అదీ రాయండి. ఏడుపొస్తే ఏడవండి. మధ్యాహ్నం దాటాక పుస్తకం మూసి బయటికి వెళ్లండి. చిక్కడపల్లి మీకు దగ్గరే. గ్రంథాలయంలో పేపర్లు తిరగేయండి, త్యాగరాయ గానసభలో కార్యక్రమం ఉంటే వెనక వరసలో కూర్చోండి. ట్యూషన్లు మాత్రం ఇంకో నలుగురికి పెంచకండి. రోజంతా నింపేసుకుంటే ఊగడానికి చోటుండదు.

మంచం దిగని రోజులు వారంలో ఒకటో రెండో అయితే నేను కంగారుపడను. రెండు వారాలు వరసగా అలాగే ఉంటే, తెల్లవారుజామున మూడింటికి మెలకువ వచ్చి మళ్లీ పట్టకపోతే, అన్నం సయించకపోతే, వండాలన్న ఆసక్తే పోతే, "నేనెందుకు ఉండటం" అన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా, డాక్టరును కలవండి. పెద్ద వయసులో డిప్రెషన్ చాలాసార్లు ఏడుపు రూపంలో రాదు. ఒళ్లు నొప్పులు, మతిమరుపు, నీరసం అన్న ముసుగులో వస్తుంది, మనం వయసు మీద నెట్టేస్తాం. మందులకూ మాటలకూ తగ్గే జబ్బు అది. రెండేళ్లు డయాలసిస్ గది బయట కుర్చీలో కూర్చున్న మనిషి తన బీపీ ఎప్పుడు చూపించుకున్నారో నాకు అనుమానమే. ఎలాగూ వెళతారు కాబట్టి షుగరు, థైరాయిడ్, బి12 కూడా పరీక్ష చేయించమని అడగండి. వీటిలో తేడా వచ్చినా మనిషి ఇలాగే కుంగుతాడు. పెద్దవాళ్ల కోసం 14567 అనే ఉచిత నంబరు ఉంది, ఉదయం ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకా. మానసికంగా తట్టుకోలేని వేళ అయితే 14416 టెలీమానస్, రాత్రీ పగలూ పలుకుతుంది, తెలుగులో మాట్లాడతారు. ఈ రెండు నంబర్లూ ఫ్రిజ్ మీద అంటించండి.

మీ మరదలి మాట. "బావగారు బాగానే కోలుకున్నారు" అన్నది మీకు నిందలా వినబడింది. నిందే కావచ్చు. కానీ బాబాయిగారూ, ఆమెకు పోయింది అక్క. ఒకే కంచంలో తిన్న అక్క. సంవత్సరికం రోజున వచ్చినవాళ్లంతా మిమ్మల్నీ పిల్లల్నీ పలకరించి ఉంటారు. "నువ్వెలా ఉన్నావమ్మా" అని ఆమెను ఎవరైనా అడిగారా? తోబుట్టువుల దుఃఖానికి మన ఇళ్లలో పీట వేయరు. ఒకరోజు ఫోను చేసి, అక్కయ్య చిన్నప్పటి సంగతి ఏదైనా చెప్పమనండి. ఆ ముల్లు అక్కడే ఊడిపోతుందని నా నమ్మకం.

పై అంతస్తు ఆయన దగ్గర మాత్రం మీ సంగతి చెప్పకండి. ఈ విషయంలో నేను చాలా పట్టుదలగా ఉన్నాను. భార్య పోవడమూ, ఎదిగిన కొడుకు ప్రమాదంలో పోవడమూ పక్కపక్కన పెట్టి చూసేవి కావు. మీకు రెండేళ్లు సేవ చేసే సమయం దొరికింది, ఆయనకు ఒక ఫోను మాత్రమే వచ్చింది. కష్టం తర్వాత ఎదగడం కొందరికి జరుగుతుంది, కొందరికి జరగదు. జరగనివాళ్లు ఓడిపోయినవాళ్లు కారు. నన్ను చూసి నేర్చుకోమన్నట్లు ఒక్క మాట దొర్లినా, ఆ తలుపు ఇంకో ఏడాది తెరుచుకోదు. మీరు చారు పెట్టిన రోజున ఒక గిన్నెలో పోసి పైకి తీసుకెళ్లండి. తీయకపోతే తలుపు పక్కన పెట్టి, "చారు పెట్టాను, గిన్నె తొందరేం లేదు" అని చెప్పి దిగిపోండి. వారం తర్వాత మళ్లీ వెళ్లండి. గిన్నె తిరిగివ్వడానికైనా ఆయన ఒకరోజు తలుపు తీయాలి. తీశాక ఆ అబ్బాయి పేరు పెట్టి అడగండి, ఏం చదివాడు, ఏ ఆట ఆడేవాడు అని. ఎదుటివాళ్లు బాధపడతారని అందరూ ఆ పేరు మానేస్తారు. ఆయనకు అదే పెద్ద బాధ అయి ఉండవచ్చు. గిన్నె వరసగా అలాగే ముట్టకుండా ఉంటే, ఇంట్లో ఇంకెవరైనా ఉంటే వాళ్లతో, లేకపోతే దగ్గరి బంధువులతో మాట్లాడి డాక్టరు దాకా తీసుకెళ్లే ఏర్పాటు చూడండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన జబ్బుల పట్టికలో దీర్ఘకాలిక దుఃఖాన్ని ఒక జబ్బుగానే చేర్చింది. నెలలు గడుస్తున్నా మనిషి కదలలేకపోతే సాయం కావాలి. ఓదార్పు సరిపోదు.

స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో లారా కార్‌స్టెన్సన్ అనే ఆచార్యురాలు వయసుకూ మనసుకూ ఉన్న లంకె మీద చాలాకాలం పరిశోధించారు. ముందున్న కాలం తక్కువని తెలిసేకొద్దీ మనిషి పరిచయాలు తగ్గించుకుని, తన మనసుకు విలువైన కొద్దిమంది వైపు తిరుగుతాడని ఆమె అంటారు. ఒక పిల్లకు లెక్కలు, ఒక పొరుగాయనకు చారు. డెబ్బై మూడేళ్ల వయసులో మీరు ఎంచుకున్నవి చూస్తే నాకు ఆమె మాట గుర్తొచ్చింది.

చివరిగా చీరలు. మీ అమ్మాయి ఖాళీ చేస్తానంటున్నది తొందరపాటు కాదేమో. సెలవు పెట్టి వచ్చినప్పుడు తండ్రికి ఏదో ఒక పని చేసి వెళ్లాలన్న ఆరాటం కావచ్చు. ఖాళీ చేయడానికి ఒప్పుకోకండి, తెరవడానికి ఒప్పుకోండి. ఇద్దరూ నేల మీద కూర్చుని ఒక్కొక్క చీరే తీయండి. అమ్మాయికి నచ్చింది అమ్మాయి తీసుకుంటుంది, మరదలికి ఒకటి ఉంచండి, కొన్ని మళ్లీ మడత పెట్టి బీరువాలోనే పెట్టేయండి. ఏ చీర ఏ పండక్కి కొన్నదో, ఏది కట్టుకుని ఆసుపత్రికి మొదటిసారి వెళ్లారో, ఏది మీరు తెస్తే రంగు బాగోలేదని చెప్పకుండా కట్టుకున్నారో అమ్మాయికి తెలిసినంత మీకు తెలియదు. అడగండి, చెబుతుంది.